జత చీటీ

సెల్మర్ హోక్‌స్టాడ్‌కి తొంభై ఏడేళ్లు. అందులో నలభై రెండేళ్లు రాష్ట్ర శాసనసభలో కూర్చున్నాడు. మాకు రెండేళ్లకోసారి ఎన్నికలు. ఇరవై ఒక్కసార్లు నిలబడ్డాడు, ఇరవై ఒక్కసార్లూ గెలిచాడు. అందుకోసం ఆయన చేసిందల్లా ఏమిటయ్యా అంటే, అక్టోబరులో ఒక శనివారం లూథరన్ చర్చి వంటింట్లో ఏప్రన్ కట్టుకుని, వచ్చినవాళ్లందరికీ పాన్‌కేకులు కాల్చి పెట్టడం. అంతే, ఉపన్యాసం కూడా ఉండేది కాదు. "చెప్పడం దేనికి? అన్నమాట చేస్తానని మీకు తెలుసుగా" అనేవాడు. జనం నవ్వి, సిరప్ ఇంకాస్త పోసుకునేవాళ్లు.

"మాటంటే మాట సెల్మర్" అని ఆయనకి పేరు. అవతలి పార్టీవాళ్లు కూడా ఆయన దగ్గర సంతకం అడిగేవాళ్లు కాదు. "సెల్మర్ సరేనన్నాడా? అయితే అయిపోయినట్టే" అనేవాళ్లు. మా నెల్స్‌బర్గ్‌లో పిల్లలు అబద్ధమాడితే తల్లులు ఆయన్ని చూపించే బుద్ధి చెబుతారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆయన తల దించుకునేవాడు. అబ్బ, ఎంత వినయం, అనుకునేవాళ్లం. మా తెలివి అలా ఏడిసింది!

వినయం కాదు, పాడూ కాదు. సిగ్గు. అరవై నాలుగేళ్లుగా లోపల దాచుకున్న సిగ్గు. ఆయన కూతురు మర్నాకి కూడా తెలియదు.

ఈ వసంతంలో మంచు కరిగిందో లేదో, హెరాన్ నది మీది వంతెనకి ఆయన పేరు పెట్టాలని మావాళ్లు పూనుకున్నారు. ఆ వంతెన తెచ్చింది ఆయనే మరి. వంతెన మాకా, పైన్ లాండింగ్‌కా అన్న పోటీలో, అరవై ఒకటిలో ఒక్క ఓటు తేడాతో నెగ్గింది మా బిల్లు. అది మా ఊరికి వచ్చింది కాబట్టి కాగితం మిల్లొచ్చింది, హైస్కూలొచ్చింది, ఆసుపత్రొచ్చింది. పైకి తొమ్మిది మైళ్ల దూరంలో ఉన్న పైన్ లాండింగ్‌కి రాలేదు కాబట్టి ఆ ఊళ్లో రెండు బార్లూ ఒక పోస్టాఫీసూ మిగిలాయి. తర్వాత పోస్టాఫీసు కూడా పోయింది. మంగళవారం సభలో పేరు పెట్టే తీర్మానం. సెల్మర్ వచ్చి తన పాత కుర్చీలో కూర్చోవాలని స్పీకరమ్మ స్వయంగా ఫోన్ చేసింది.

గురువారం మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైంది. మర్నా వెళ్లి ఒక ముసలావిణ్ణి వెంటబెట్టుకొచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఒక చేతిలో రేకు కప్పిన నిమ్మకాయ బార్లనే మిఠాయి ముక్కల పళ్లెం, ఇంకో చేతి మీద మగవాళ్ల నల్ల ఉన్ని కోటు.

"నన్ను గుర్తుపట్టరులెండి. ఆర్డిస్‌ని. పైన్ లాండింగ్ వెండెల్ క్రాట్జ్ కూతుర్ని" అంది.

సెల్మర్ కప్పు కింద పెట్టేశాడు. "కూర్చో అమ్మా" అన్నాడు.

"కూర్చుంటాను గానీ ముందొక మాట చెప్పేస్తే బరువు దిగుతుంది. మీకు క్షమాపణ చెప్పుకోవాలి."

"నువ్వా? నాకా?"

"అరవై రెండులో, జులై నాలుగు స్వాతంత్ర్య దినం ఊరేగింపులో మీ కారు మీద మూడు గుడ్లు పడ్డాయి గుర్తుందా? అవి నేనే విసిరాను."

"నాలుగు" అంది మర్నా. "నాలుగోది నా కొత్త గౌను మీద పడింది. అయితే ఆ మహాతల్లివి నువ్వేనన్నమాట!"

ఇద్దరాడవాళ్లూ పకపకా నవ్వారు. సెల్మర్ కూడా పెదవులు సాగదీశాడు. అది నవ్వు కాదని ఎవరూ చూడలేదు.

"మా నాన్న నా చెవి మెలేసి, పద, వెళ్లి సెల్మర్‌కి క్షమాపణ చెప్పు అన్నాడు. చచ్చినా రానన్నాను. ఎనభై ఎనిమిదిలో ఆయన పోయేముందు కూడా అడిగాడండీ, ఆ గుడ్ల సంగతి చెప్పావుటే అని. ఇదిగో, ఇన్నాళ్లకి చెప్పాను."

"ఎందుకు విసిరావు?" అడగకూడదనుకుంటూనే అడిగాడు సెల్మర్.

"కోపమండీ. ఆ వంతెన ఓటింగు రోజున నాకు అపెండిక్స్ పగిలింది. తొమ్మిదేళ్లు నాకు. నాన్న సభ వదిలేసి వచ్చేశాడు. ఆయన ఓటు లేక మా ఊరికి వంతెన పోయిందని, ఊళ్లో నన్నేమనేవాళ్లో తెలుసా? 'వంతెన మింగిన పిల్ల.' నాకు పెళ్లయ్యేదాకా అదే పేరు. పెళ్లిలో కూడా మా మామగారు కేకు కోస్తూ, చూసుకో, ఈ పిల్ల ఏదైనా మింగేస్తుంది అన్నాడు." ఆవిడ ఇప్పటికి నవ్వడం నేర్చుకుంది గానీ, కళ్లు నవ్వలేదు. "నాన్నకి ఆ తర్వాతి ఎన్నికల్లోనే సీటు పోయింది. నేను సెల్మర్‌తో జత కుదుర్చుకునే వచ్చానయ్యా అని మొత్తుకున్నాడు. క్లర్కు దగ్గర చీటీ లేదు. ఎవరు నమ్ముతారు?"

జత అంటే సభలో పాత మర్యాద. ఒక సభ్యుడు తప్పనిసరై వెళ్లాల్సి వస్తే, తనకి ఎదురుగా ఓటేసేవాడితో చెయ్యి కలుపుతాడు. నువ్వు లేవు కాబట్టి నేనూ వెయ్యను అని అవతలివాడు మాటిస్తాడు. చీటీ మీద ఇద్దరూ సంతకం చేసి క్లర్కుకిస్తే, లేనివాడికి నష్టం లేదు, ఉన్నవాడికి అన్యాయం లేదు. ఆ మాట తప్పిన సభ్యుణ్ణి మా రాష్ట్రంలో ఎవరూ ఎరగరు.

"నాన్న మిమ్మల్ని ఒక్క మాట అననిచ్చేవాడు కాదు" అంది ఆర్డిస్. "అమ్మ అనుమానపడితే కసిరేవాడు. సెల్మర్ 'చీటీ నాకివ్వలేదు' అన్నాడు, సెల్మర్ అబద్ధమాడడు. పిల్ల బతుకుతుందో లేదోనన్న కంగారులో నేనే ఎక్కడో పెట్టేశాను, అనేవాడు. ఇదిగో, ఆ రోజు వేసుకున్న కోటు. దీని అస్తరు చింపి చింపి వెతికేవాడు. పారేయనిచ్చేవాడు కాదు."

కోటు తెచ్చి సెల్మర్ ఒళ్లో పెట్టింది. "మ్యూజియం వాళ్లు వంతెన గురించి ఒక అద్దాల బీరువా పెడుతున్నారట, అవతలి ఊరి వస్తువు కూడా ఒకటి కావాలన్నారు. దీని పక్కన పెట్టడానికి నాలుగు ముక్కలు మీరు చెబితే మర్నా రాసి పెడుతుంది. నాన్నని కాస్త మర్యాదగా రాయించండి, అంతే. మీ మాటైతే జనం నమ్ముతారు."

ఆవిడ వెళ్లిపోయింది. నిమ్మకాయ బార్లు మర్నా రెండు తింది. సెల్మర్ ముట్టుకోలేదు.

అరవై ఒకటి మార్చి పద్నాలుగు గుర్తున్నంత స్పష్టంగా ఆయనకి ఇంకే రోజూ గుర్తులేదు. పదింటికి వెండెల్‌కి ఇంటినుంచి ఫోనొచ్చింది. కోట్లు తగిలించే గదిలో వెండెల్ ఒక చెయ్యి కోటులో దూర్చి, రెండో చేత్తో చీటీ గోడకి ఆనించి సంతకం చేశాడు. సెల్మర్ కూడా చేశాడు. "నువ్వే క్లర్కు బల్ల మీద పెట్టెయ్, నాకు టైము లేదు" అని చెయ్యి చాచాడు వెండెల్. ఆ చెయ్యి చల్లగా, చెమటగా ఉంది. సెల్మర్ గట్టిగా పట్టుకుని "పిల్ల సంగతి చూసుకో, ఇది నేను చూసుకుంటా" అన్నాడు. ఆ క్షణంలో నిజంగానే అన్నాడు. అదే ఇప్పటికీ గుచ్చుతుంది.

చీటీ చొక్కా జేబులో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. పేర్లు పిలుస్తున్నారు. హోక్‌స్టాడ్ అనగానే "జత" అనాలి. "తర్వాత పిలవండి" అన్నాడు. చూద్దాం, బిల్లు ఎలాగూ నెగ్గుతుందేమో, లేదా ఎలాగూ పోతుందేమో, అప్పుడు జత అనేస్తే సరి, అనుకున్నాడు. ఓట్లు లెక్కపెట్టుకోవడానికి చేతికి కాగితం అందలేదు. జేబులోంచి ఆ చీటీయే తీసి, దాని వెనకాల పెన్సిల్‌తో గీతలు గీశాడు. అవును ఒకవైపు, కాదు ఒకవైపు. చివరికి నలభై ఎనిమిది, నలభై ఎనిమిది. సమానమైతే బిల్లు పోయినట్టే. క్లర్కు మళ్లీ "హోక్‌స్టాడ్" అని పిలిచాడు. అప్పుడు ఆయనకి ముప్పై మూడేళ్లు, నెల్స్‌బర్గ్ మొత్తం పై గ్యాలరీలో కూర్చుని ఊపిరి బిగబట్టి చూస్తోంది. "అవును" అన్నాడు.

ఆ తర్వాత వెండెల్ అడిగితే, "నాకివ్వలేదే! నీ కోటులో పెట్టుకున్నావనుకున్నా. చీటీ లేకపోయేసరికి నువ్వు మనసు మార్చుకున్నావేమో అనుకున్నాను" అన్నాడు. వెండెల్ అలా నిలబడి తన జేబులు తడుముకున్నాడు. దొంగ సెల్మరైతే జేబులు తడుముకున్నది వెండెల్!

అక్కణ్ణించి సెల్మర్ మళ్లీ జన్మలో మాట తప్పలేదు. ఒకసారి మంచు తుఫానులో పద్నాలుగు మైళ్లు నడిచి వెళ్లి, ఓటేస్తానన్న ఓటు వేశాడు. ఆయన మంచితనమంతా ఆ ఒక్క చీటీకి కట్టుకున్న సమాధి.

చీటీ మాత్రం పారేయలేదు. ఎందుకు పారేయలేదో ఆయనకే తెలియదు. సభలో తన బల్ల మీది ఇత్తడి పేరుపలకని ఇంటికి తెచ్చుకుంటే మర్నా చట్రం కట్టించింది. ఆ చట్రం వెనక అట్టలో ఉంది.

శనివారం మర్నా సరుకులకి వెళ్లగానే సెల్మర్ పేరుపలక దించాడు. ఆలోచన గురువారం రాత్రే పుట్టింది. దాన్ని ఆలోచన అనకూడదు, వెధవ బుద్ధి అనాలి. చీటీ ఆ కోటు అస్తరులో దూర్చేస్తే? మ్యూజియం వాళ్లకి దొరుకుతుంది. వెండెల్ నిజంగానే జత కుదుర్చుకున్నాడని లోకానికి తెలుస్తుంది. పాపం, మరిచిపోయి తనే పెట్టుకున్నాడనుకుంటారు. ఆర్డిస్ పేరు కూడా బాగుపడుతుంది. తన పేరు చెడదు. అందరికీ మంచిదే కదా అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. నలభై రెండేళ్లు రాజకీయంలో ఉన్నవాడికి తనకి తను నచ్చజెప్పుకోవడం ఎంతసేపు!

విప్పి చూస్తే వెనకాల గీతలు. ఐదేసి చొప్పున కట్టలు కట్టలుగా. అడుగున రెండు నలభై ఎనిమిదులు, చుట్టూ గుండ్రంగా గీత. ఆ గీతలు గీసే సమయానికి వెండెల్ నలభై మైళ్ల అవతల ఆసుపత్రి బెంచీ మీద ఉన్నాడు. ఈ చీటీ కోటులో దొరికితే గుడ్డివాడైనా అసలు సంగతి చెప్పేస్తాడు.

మర్నా పదకేళి నింపే పెన్సిలు బల్ల మీదే ఉంది, కొసన రబ్బరుతో. తీసుకుని చెరపడం మొదలుపెట్టాడు. కాగితం పసుపెక్కి పలచబడింది, మెల్లిగా రుద్దాలి. "అవును" వైపు గీతలు సగం పోయాయి. గులాబీ రంగు పొట్టు కోటు మీద రాలింది. దులుపుదామని కోటు అంచు పైకెత్తాడు, ఎక్కడ దూర్చాలో కూడా చూసినట్టుంటుందని.

అస్తరు అంచంతా కుట్లు. ఆడవాళ్ల కుట్లు కావు. పొడుగ్గా, వంకరగా, గోనెసంచి కుట్టినట్టు. నల్లదారంతో ఒకసారి కుట్టారు. అది తెంపి గోధుమరంగు దారంతో మళ్లీ కుట్టారు. అదీ తెంపి పచ్చదారంతో. చేతుల్లో కూడా అంతే, కాలరు కింద కూడా అంతే. మూడుసార్లు విప్పి వెతికాడు వెండెల్. మూడుసార్లూ తన చేత్తోనే మళ్లీ కుట్టుకున్నాడు. సెల్మర్ అబద్ధమాడడు కాబట్టి, చీటీ ఇందులోనే ఉండాలి కాబట్టి.

పెన్సిలు కింద పడిపోయింది. సెల్మర్ ఆ కోటులో మొహం పెట్టుకుని "ఓరి దేవుడా, ఓరి దేవుడా" అన్నాడు. మర్నా సరుకుల సంచులతో వచ్చి "ఏంటి నాన్నా, ఒంట్లో బాలేదా?" అంది.

"మంగళవారం ఆ ఆర్డిస్‌ని కూడా రమ్మను. కోటు అక్కడే ఇస్తానని చెప్పు" అన్నాడు.

మంగళవారం సభకి ముందు, కోట్లు తగిలించే అదే గదిలో ఆర్డిస్ నిలబడి ఉంది. మంచి గౌను వేసుకుని, జుట్టు సెట్ చేయించుకుని వచ్చింది. సెల్మర్ మర్నాని బయటికి పంపేశాడు. కోటిచ్చాడు. చీటీ ఇచ్చాడు.

ఆవిడ కళ్లజోడు సవరించుకుని ముందువైపు చదివింది. నాన్న సంతకం మీద వేలు పెట్టింది. "దొరికిందా! ఎక్కడ?" అని మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూడలేక సెల్మర్ గోడ వైపు తిరిగాడు.

"నా దగ్గరే ఉంది. ఎప్పుడూ నా దగ్గరే ఉంది. మీ నాన్న నాకే ఇచ్చాడు."

ఆవిడ చీటీ తిప్పింది. గీతలు చూసింది. పాతికేళ్లు బడిలో పిల్లల భోజనాలు లెక్కపెట్టిన మనిషికి ఆ గీతలేమిటో ఒకరు చెప్పక్కర్లేదు. తర్వాత సగం చెరిపిన చోట వేలితో తడిమింది.

"ఇది కొత్తగా చెరిపినట్టుందే" అంది. "ఎప్పుడు చెరిపావు?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆయన ఆ మాట విన్నాడు.

"శనివారం."

"ఏ శనివారం?"

"మొన్న."

"చెరిపి ఏం చేద్దామని?"

చెప్పాడు. అస్తరులో దూర్చాలనుకున్న సంగతి కూడా దాచకుండా చెప్పాడు.

ఆర్డిస్ కోటు మడతపెట్టుకుంది. "అరవై నాలుగేళ్ల కిందటిదంటే, కుర్రతనం, ఊరికోసం చేశావు, నాన్న బతికుంటే క్షమించేసేవాడు. నేనూ ఏడ్చి ఊరుకునేదాన్ని" అంది. "మొన్నటిది ఎవరు క్షమించాలి? నేను నీకు నిమ్మకాయ బార్లు చేసుకొచ్చిన తర్వాత చేశావు ఇది."

గంట మోగింది. ఆవిడ మెట్లెక్కి గ్యాలరీలోకి వెళ్లిపోయింది.

సభలో ఆయన్ని పాత కుర్చీలో కూర్చోబెట్టారు. తీర్మానం చదివారు. పాఠశాల బస్సులు, క్షయ ఆసుపత్రి, నలభై రెండేళ్లు, మాటంటే మాట. సెల్మర్ బల్ల పట్టుకుని లేచి స్పీకరమ్మ అనుమతి అడిగాడు. అందరూ కృతజ్ఞతలు చెబుతాడనుకుని నవ్వుమొహాలతో తిరిగారు.

"అరవై ఒకటి మార్చి పద్నాలుగు సభ చిట్టాలో ఒక తప్పుంది" అన్నాడు. "క్రాట్జ్ గైర్హాజరు అని రాశారు. క్రాట్జ్, హోక్‌స్టాడ్, జత అని ఉండాలి. చీటీ ఆయన నాకిచ్చాడు. నేను జేబులో దాచుకుని ఓటేశాను. తర్వాత ఇవ్వలేదని ఆయన మొహం మీదే అబద్ధమాడాను. పైన్ లాండింగ్‌లో ఒక చిన్నపిల్లని వంతెన మింగిన పిల్ల అనేవాళ్లట. మింగింది ఆ పిల్ల కాదు. నేను. ఆ చిట్టా సరిచేయండి. ఆ వంతెన మీద నా పేరు పెట్టకండి. అంతకన్నా నాకు చెప్పడానికేం లేదు."

స్పీకరమ్మ క్లర్కుతో గుసగుసలాడింది. మూసేసిన సభ చిట్టా దిద్దడానికి నిబంధనలు ఒప్పుకోవని మెత్తగా చెప్పింది. అప్పుడు మా నెల్స్‌బర్గ్ సభ్యుడు, నిండా నలభై లేనివాడు, కళ్లు తుడుచుకుంటూ లేచాడు.

"తొంభై ఏడేళ్ల వయసులో ఇంత నిజం చెప్పే మనిషి పేరు కాక ఇంకెవరి పేరు పెడతామమ్మా? అదీగాక బోర్డులు కూడా రాయించేశాం!"

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఇక చూడాలి, సభంతా లేచి నిలబడింది. రెండు పార్టీలవాళ్లూ, గ్యాలరీ కూడా. సెల్మర్ "వద్దు, వద్దు" అని చేతులూపాడు. ఎంత వద్దంటే అంత గట్టిగా కొట్టారు. తీర్మానం ఒక్క వ్యతిరేక గొంతు లేకుండా నెగ్గింది. ఆయన జన్మలో ఆ సభ ఆయన్ని అంత మెచ్చుకున్న రోజు లేదు. నిలువునా భూమిలోకి దిగిపోవాలనిపించింది. తల పైకెత్తి చూస్తే గ్యాలరీలో ఆర్డిస్ ఒక్కతే కూర్చుని ఉంది, ఒళ్లో కోటు, కోటు మీద రెండు చేతులూ.

బయట మెట్ల దగ్గర ఆయన ఆవిడకోసం నిలబడ్డాడు. మర్నా ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ మొహంతో కారు తీసుకురావడానికి వెళ్లింది, తండ్రితో ఒక్క మాట మాట్లాడకుండా. ఆర్డిస్ తండ్రి కోటు తొడుక్కుని వచ్చింది. అది ఆవిడకి మోకాళ్ల దాకా వేలాడుతోంది.

"చెప్పాను" అన్నాడు సెల్మర్.

"విన్నాను. చప్పట్లు కూడా విన్నాను. ఇంటికెళ్లాలంటే ఇక నీ పేరు మీంచే వెళ్లాలన్నమాట."

"పేరు వద్దన్నాను అమ్మా."

"అన్నావు. చీటీ నా దగ్గరుంచుకుంటాను, మ్యూజియంకి కోటు బదులు అదిస్తా. వెనకవైపు కనబడేలా పెట్టమంటా."

"పెట్టించు" అన్నాడాయన. ఇంకేం చెయ్యాలో తెలియక, జీవితమంతా చేసిన అలవాటు కొద్దీ, కుడిచెయ్యి ముందుకు చాచాడు.

ఆర్డిస్ ఆ చేతి వంక చూసింది. తన చేతులు తండ్రి కోటు జేబుల్లోంచి తియ్యలేదు.

"మా నాన్న ఇచ్చాడుగా ఒకసారి" అంది, మెట్లు దిగి వెళ్లిపోయింది.